మూడు వేళ్లూ ఒక బొటనవేలూ

హాజీ లర్బీ కన్నతల్లిని కొడతాడని మా పేటలో అందరికీ తెలుసు. తెలియనట్టు ఎలా ఉండాలో కూడా అందరికీ తెలుసు. ఆ రెండో విద్యకి ఎవరైనా బహుమతి పెడితే అది నాకే రావాలి. ఇంకెవరితోనూ పంచుకోను.

నా పేరు ఖద్దూర్. సెఫ్రూ పాత ఊళ్లో, ఏటి వంతెనకి ఇవతల ఉన్న రొట్టెల బట్టీ నాది. మా తాత కాల్చాడు, మా నాన్న కాల్చాడు, నలభై ఏళ్లుగా నేను కాలుస్తున్నాను. పిండి నేను కలపను. ఆడవాళ్లు ఇళ్లలో కలిపి, గుండ్రంగా తట్టి, చెక్క పలక మీద పేర్చి, గుడ్డ కప్పి తెస్తారు. నేను పొడుగాటి చెక్క పారతో లోపలికి తోసి, కాల్చి, ఎవరివి వాళ్లకి తిరిగిస్తాను. పూటకి వంద ఇళ్ల రొట్టెలు పక్కపక్కన కాలుతుంటే ఏది ఎవరిదో తెలియాలి కదా, అందుకని ఇంటికో గుర్తు ఉంటుంది. ఒకావిడ ఫోర్కుతో పొడుస్తుంది. ఒకావిడ కత్తితో అడ్డగీత పెడుతుంది. ఇంకొకావిడ టీ గ్లాసు బోర్లించి నొక్కుతుంది. మనుషుల మొహాలైనా మర్చిపోతానేమో గానీ ఆ గుర్తులు మర్చిపోను.

హాజీ లర్బీ తల్లి యామ్నాది చేతిగుర్తు. కుడిచెయ్యి రొట్టె మీద ఆనించి ఒకే ఒక్క నొక్కు నొక్కేది. పైన మూడు వేళ్ల గుంటలు వరసగా, కింద ఎడమ పక్కన బొటనవేలి గుంట. చిటికెనవేలు తగలనిచ్చేది కాదు. ఒక్కో గుంటలో ఒక శనగగింజ సరిగ్గా పడుతుంది, అంత ముచ్చటగా ఉండేవి. ఆవిడ రొట్టె బట్టీలో పొంగుతుంటే చూడటానికి నేను పార పక్కన పెట్టి నిలబడేవాణ్ణి. ఆ పిండి పిసికిన చేతులు అలాంటివి మరి.

ఎందుకు కావు? ఇరవై ఆరేళ్లకి మొగుడు పోయాడు. చంకలో ఒక్కగానొక్క కొడుకు. ఆ కొడుకు కోసం ఆవిడ తెల్లారకముందే లేచి పదకొండు ఇళ్లలో పిండి పిసికింది. పదకొండు ఇళ్లు! ఆ పిండి తిని బలిసి, ఆ పిండి డబ్బుతోనే చదివి, ఉన్ని వ్యాపారం పెట్టి, మక్కా వెళ్లొచ్చి హాజీ అయ్యాడు మన లర్బీ. ఇప్పుడు పాదాల దాకా జారే తెల్ల జెల్లాబా అంగీ, పచ్చటి తోలు చెప్పులు, మసీదులో మొదటి వరస. ప్రతి శుక్రవారం పేదలకి గోధుమరవ్వతో వండిన కూస్‌కూస్ పళ్లెం పంపుతాడు. ఆ పళ్లెం ఇద్దరు మోస్తారు, వెనకాల తను నడుస్తాడు. పళ్లెం ఒక్కటే వెళ్తే ఎవరు పంపారో జనానికి తెలియదు కదా! కన్నతల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి పట్టుచీర పెడతానన్నాడట. మా హాజీ గారు ఊరందరికీ పెట్టాడు.

అతని వీరత్వం గురించి కూడా చెప్పాలి. బజారులో ఎవడైనా గొంతు పెంచితే హాజీ గొంతు తగ్గిస్తాడు. పోలీసు కనిపిస్తే నవ్వుతాడు. ఏనాడూ తనకి సాటైనవాడి మీద చెయ్యెత్తి ఎరగడు. ఇంటికెళ్లి డెబ్బై ఆరేళ్ల ముసలిదాని మీద గెలుస్తాడు. గెలుపు ఖాయమైన చోటే యుద్ధం చేసే మొనగాడు.

మరి మేమో? మేమేం తక్కువ తినలేదు. పక్కింటాయన ఆ గోల వినబడగానే టీవీ సౌండు పెంచుతాడు. పేట పెద్ద "ముసలావిడకి మతి చెడింది, తనే అరుచుకుంటుంది" అంటాడు. కూరగాయలవాడు "తల్లీకొడుకుల మధ్య మనమెవరం నాయనా" అంటాడు. నేను బట్టీవాణ్ణి, మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం "ఇళ్ల గుట్టు బట్టీలోనే కాలిపోవాలి రా, బయటికి రాకూడదు" అని. పిరికితనానికి ఇంత మంచి పేరు పెట్టుకున్నాం మేము, గుట్టు అని.

రంజాన్‌కి ముందు, షాబాన్ నెలలో ఒకరోజు, యామ్నా బదులు కోడలు బతూల్ పలక మోసుకొచ్చింది. బతూల్ మాట తక్కువ మనిషి. తల వంచుకుని పలక దించింది. గుడ్డ తీశాను. రొట్టెలు వంకరటింకరగా ఉన్నాయి, పిండి సరిగ్గా నలగలేదు. గుర్తు చూశాను. మూడు వేళ్లు ఉన్నాయి, బొటనవేలు ఉంది. కానీ బొటనవేలు కుడి పక్కన ఉంది.

ఎడమచెయ్యి.

"అత్తగారేరీ?" అన్నాను.

"మెట్ల మీద జారిపడ్డారు" అంది బతూల్ నేలకేసి చూస్తూ.

"పాపం" అన్నాను. ఇంకేం అన్నాను? ఏమీ అనలేదు. రొట్టెలు లోపలికి తోశాను. కుడిచేత్తో యాభై ఏళ్లు నొక్కిన మనిషి ఎడమచేత్తో ఎందుకు నొక్కిందో తెలియనంత అమాయకుణ్ణి కాను. పారతో రొట్టెని తోసినంత తేలిగ్గా ఆ సంగతిని కూడా లోపలికి తోసేశాను.

పదకొండు రోజులు ఎడమచేతి గుర్తే వచ్చింది. రోజురోజుకీ గుంటలు లోతవుతూ వచ్చాయి. ఆఖరి రోజుల్లో రొట్టె అడుగుదాకా దిగాయి, కాలినప్పుడు ఆ చోట మాడింది. ముసలావిడకి చెయ్యి వశం తప్పుతోంది కాబోలు అనుకున్నాను. పన్నెండో రోజున గుర్తే మారింది. ఫోర్కు పోట్లు, బతూల్‌వి. ఆ తరవాత యామ్నా గుర్తు మళ్లీ రాలేదు. యామ్నా కూడా వీధిలో కనబడలేదు.

ఒకరోజు రుఖియా బట్టీ దగ్గరికొచ్చి కూర్చుంది. రుఖియా మా పేట హమ్మామ్‌లో ఆడవాళ్లకి ఒళ్లు రుద్ది నీళ్లు పోస్తుంది. ముండమోసినది, ఒంటరిది, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని ఊళ్లో పేరు. నేను టీ పోశాను.

"యామ్నా హమ్మామ్‌కి వచ్చి మూడు నెలలైంది" అంది.

"అలాగా" అన్నాను.

"చివరిసారి వచ్చినప్పుడు వీపు చూశాను, ఖద్దూర్. నేను రుద్దబోతే వద్దంది."

"ఏమంది?"

"పడ్డానంది. నాకు చదువు రాదు గానీ వీపు మీద బెల్టు దెబ్బ చదవడం వచ్చులే."

"ఎవరికైనా చెప్పావా?"

"నువ్వు చెప్పావా?"

ఇద్దరం టీ తాగాం. నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఆ ఒక్క గింజనీ మూడు నెలలు నానబెట్టింది. నేనైతే రాయిలా మింగేశాను. టీలో పంచదార ఎక్కువైందని మాత్రం ఇద్దరం ఒప్పుకున్నాం.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. పిల్లకో పిల్లాడికో సంబంధం చూసేవాళ్లు పెద్దమనుషుల్ని అడగరు, ఇద్దర్నే అడుగుతారు. హమ్మామ్ ఆవిడని, బట్టీవాణ్ణి. ఒంటి సంగతి ఆవిడకి తెలుసు, ఇంటి సంగతి వీడికి తెలుసు. ఏ ఇంట్లో పిండి కల్తీయో, ఏ ఇంట్లో అప్పుడే పొయ్యి ఆరిందో, ఏ ఇంటి కోడలు ఏడుస్తూ పలక తెచ్చిందో మాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? మేము అబద్ధం చెప్పకూడదు. చెప్పి ఇల్లు ముంచితే ఆ బట్టీకి ఎవ్వరూ రొట్టె పంపరు.

హాజీ లర్బీ కూతురు ఘిజ్లాన్‌కి మెక్నెస్ పట్నం నుంచి సంబంధం వచ్చింది. మంచి కుటుంబం, తోటలున్నవాళ్లు. ఒక బుధవారం పొద్దున హాజీ స్వయంగా నా బట్టీకి వేంచేశాడు. నలభై ఏళ్లలో ఇదే మొదటిసారి. జెల్లాబాకి మసి అంటుతుందని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఖద్దూర్ మేస్త్రీ! అన్నయ్యా! ఎలా ఉన్నావు? ఒంట్లో బాగుందా? మోకాలి నొప్పి ఎలా ఉంది?"

అన్నయ్యనట! అందితే జుట్టు, అందకపోతే కాళ్లు.

"మోకాలు బాగానే ఉంది హాజీ. మీ అమ్మగారి కుడిచెయ్యి ఎలా ఉంది?"

మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. మళ్లీ నవ్వు తెచ్చుకున్నాడు. "పెద్ద వయసు కదా. అల్లా దయ. రేపు మెక్నెస్ వాళ్లావిడ వస్తుంది, పెళ్లికొడుకు తల్లి. లల్లా షామా అని. ముందు నీ దగ్గరికే వస్తుందని తెలిసింది. నాలుగు మంచి ముక్కలు చెప్పు. ఆడపిల్ల బతుకు. నీకూ ఆడపిల్లలున్నారు."

ధైర్యమున్న మగాడైతే అప్పుడే జెల్లాబా పట్టుకుని "మీ అమ్మని ఏం చేశావురా" అని అడిగేవాడు. నేను ధైర్యవంతుణ్ణి కాను కాబట్టి ఒక రొట్టె అడిగాను.

"చెప్తాను హాజీ, ఎందుకు చెప్పను? కానీ మాటల్ని ఎవరు నమ్ముతారు ఈ రోజుల్లో? రేపు మధ్యాహ్నం మీ అమ్మగారు చేసిన రొట్టె ఒకటి పంపు. యామ్నా అమ్మ చేతిగుర్తుతో. ఆ రొట్టె ఆవిడ చేతిలో పెట్టి, ఇదమ్మా ఆ ఇల్లు అంటాను. ఇక వేరే మాటే అక్కర్లేదు."

"అమ్మకి ఓపిక..."

"ఒక్క రొట్టె హాజీ. మనవరాలి పెళ్లికి ఒక్క రొట్టె చెయ్యదా? లేకపోతే నేనేం చెప్పాలో నాకు తెలియదు మరి. నువ్వే చెప్పు."

అతను నన్ను చూశాడు. నేను బట్టీలోకి చూశాను. కాసేపటికి "పంపుతాలే" అని వెళ్లిపోయాడు. నా ఎత్తు ఏమిటో నాకే సరిగ్గా తెలియదు. యామ్నా బతికుందో లేదో తెలుస్తుంది, పిండి ముట్టుకోగలదో లేదో తెలుస్తుంది, అంతవరకే అనుకున్నాను. ఆవిడ చెయ్యి పనిచేస్తుంటే, గుర్తు వస్తే, నేను కళ్లు మూసుకుని ఇంకో పదేళ్లు నిద్రపోవచ్చు. అంతటి ఘనుణ్ణి నేను.

గురువారం మధ్యాహ్నం నమాజుకి ముందు బట్టీ ఆడవాళ్లతో కిటకిటలాడుతోంది. లల్లా షామా వచ్చింది. లావుపాటి మనిషి, చురుకైన కళ్లు. రుఖియాని ముందే కలిసి వచ్చిందట, రుఖియా ఏం చెప్పిందో ఏమో మొహం ముడుచుకుని ఉంది. వెనకాలే రుఖియా కూడా వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడింది.

"మేస్త్రీ, హాజీ లర్బీ ఇల్లు ఎలాంటిది?" అంది లల్లా షామా సూటిగా.

"రొట్టె వస్తోందమ్మా, రాగానే చెప్తాను" అన్నాను.

రొట్టె వచ్చింది. ఎవరు తెచ్చారనుకున్నారు? సాక్షాత్తూ హాజీ గారే! ఇద్దరు మోసే కూస్‌కూస్ వెనకాల చేతులూపుకుంటూ నడిచే పెద్దమనిషి, పలక పట్టుకోవడం చేతకాక పొట్టకి ఆనించుకుని తెచ్చాడు. జెల్లాబా ముందుభాగమంతా పిండి. ఆడవాళ్లు దారిచ్చారు.

"మా అమ్మ పొద్దున్నే లేచి స్వయంగా పిసికింది" అన్నాడు అందరికీ వినబడేలా. "వద్దంటే వినదే! మనవరాలి మీద ప్రాణం."

గుడ్డ తీశాను.

ఒక్కటే రొట్టె. దాని నడుమ ఐదు గుంటలు. ఐదు వేళ్లూ, చిటికెనవేలితో సహా, బలంగా దిగబడ్డాయి. లావుపాటి వేళ్లు. ఆ గుంటల్లో శనగలు కాదు, ఖర్జూరాలు పట్టేలా ఉన్నాయి.

నాకు ముందు నవ్వొచ్చింది. తరవాత లెక్కేశాను. యాభై రెండేళ్లు ఈ మనిషి ఆ రొట్టె తిన్నాడు. పొద్దున తిన్నాడు, మధ్యాహ్నం తిన్నాడు, రాత్రి తిన్నాడు. ఆడవాళ్లు ముక్కలు చేసి ముందు పెట్టారు, వీడు మింగాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి కూడా ముక్క చెయ్యకముందు రొట్టె మొహం చూడలేదు. తల్లి గుర్తు ఏమిటో వాడికి తెలియదు!

నేను ఆ రొట్టెని కాల్చి తీసి, వేడివేడిగా పార మీదే ఆడవాళ్ల ముందు పెట్టాను.

"ఇది ఎవరి రొట్టె?"

కూరగాయలవాడి పెళ్లాం వంగి చూసింది. "ఎవరిదో కొత్తవాళ్లది."

"యామ్నాదట."

"యామ్నాదా? నీ మొహం! యామ్నాది మూడు వేళ్లూ బొటనవేలూ. పసిపిల్లని అడిగినా చెప్తుంది."

"ఐదు వేళ్లతో ఎవడు నొక్కుతాడమ్మా, పిండిని చెంపదెబ్బ కొట్టినట్టు" అంది ఇంకొకావిడ.

ఆ మాటకి ఆడవాళ్లంతా హాజీ వైపు తిరిగారు. ఆవిడ పాపం మామూలుగానే అంది. హాజీ మొహం తేలు కుట్టిన దొంగ మొహంలా అయింది.

"అమ్మ పెద్దదైపోయింది, చెయ్యి వణికి..." అన్నాడు.

"లల్లా షామా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "ఆ ఇల్లు ఎలాంటిదని అడిగావు కదమ్మా? ఇదీ ఆ ఇల్లు. ఆ ఇంటి మగాడికి కన్నతల్లి చెయ్యి ఎలా ఉంటుందో తెలియదు. ఆవిడ కుడిచేతి గుర్తు నేను చూసి ఏడు నెలలైంది."

లల్లా షామా హాజీ వైపు తిరిగింది. "పెళ్లికూతురి నాయనమ్మ చెయ్యి ముద్దు పెట్టుకోకుండా మా ఇంట సంబంధం మాట్లాడరు. పదండి, ఆవిడని చూపించండి."

"ఇప్పుడు నిద్రపోతోంది."

"ఇప్పుడేగా రొట్టె పిసికింది? లేపండి."

ఆవిడ బయల్దేరింది. వెనకాల రుఖియా. ఆ వెనకాల ఆడవాళ్లందరూ, కొందరు పలకలు నెత్తిమీదే పెట్టుకుని. నేను ఆ రొట్టె చేత్తో పట్టుకుని వెళ్లాను. నా వృత్తిలో బట్టీ నిండా రొట్టెలుండగా బయటికి వెళ్లడం అదే మొదటిసారి, ఆ పూట నలభై ఇళ్ల రొట్టెలు మాడాయి.

హాజీ ఇల్లు రంగుల పలకలు పరిచిన మంచి ఇల్లు. నడవాలో దానిమ్మ మొక్క. మెట్ల కింద బొగ్గులు పెట్టుకునే చిన్న గది, దానికి బయట తాళం. బతూల్ అక్కడే నిలబడి ఉంది. ఎవరూ అడగలేదు, జేబులోంచి తాళంచెవి తీసి రుఖియా చేతిలో పెట్టింది. పొద్దున ఆ రొట్టె పిండి కలిపింది ఈవిడే. అత్తగారి గుర్తు ఈవిడకి తెలుసు, రోజూ పలక మోసిన మనిషి. మరి మొగుడు ఐదు వేళ్లూ దిగేస్తుంటే ఎందుకు చెప్పలేదు? నేను ఇప్పటిదాకా అడగలేదు, అడగను కూడా.

తలుపు తీశారు. యామ్నా గోనెసంచుల మీద కూర్చుని ఉంది. వెలుతురికి కళ్లు చికిలించింది. మనిషి సగమైపోయింది. కుడి మణికట్టు తప్పుగా అతుక్కుని పక్కకి తిరిగి ఉంది. దవడ మీద పాత దెబ్బ పసుపు రంగుకి మారింది. లల్లా షామా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏమైంది తల్లీ?" అంది.

యామ్నా మా అందరినీ చూసింది. కొడుకుని చూసింది.

"పడ్డాను" అంది. "మెట్ల మీద జారాను. కళ్లు కనబడటం లేదు కదా. చలి పడదని ఈ గది నేనే అడిగాను. నా కొడుకు బంగారం. హాజీ కదా."

"విన్నారా!" అని అరిచాడు హాజీ. వాడికి ఊపిరొచ్చింది. "విన్నారా అందరూ? నా ఇంట్లో జొరబడి, నా పరువు బజారున పెట్టి... ఖద్దూర్, నీ బట్టీ ఎలా నడుస్తుందో చూస్తాను!"

ఏం చెయ్యాలి? తల్లే లేదంటే మనమేం అంటాం? ఆడవాళ్లు నేలకేసి చూశారు. ఒకావిడ "పదండే, రొట్టెలు చల్లారిపోతాయి" అని మెల్లగా వెనక్కి తిరిగింది. నేనూ తిరగబోయాను. నిజం చెబుతున్నాను, తిరగబోయాను. అయ్యో పాపం అనుకుని ఇంటికిపోయే విద్య మాకు బాగా వచ్చు, అందులో ఆరితేరినవాళ్లం. కానీ చేతిలో ఆ రొట్టె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ముందుకెళ్లి యామ్నా ఒళ్లో పెట్టాను.

"ఇదేమిట్రా ఖద్దూర్?" అంది.

"నీ రొట్టె పెద్దమ్మా. పొద్దున నువ్వు పిసికావట, నీ కొడుకు చెప్పాడు."

ఎడమచేత్తో తడిమింది. గుంటల మీద వేళ్లు ఆగాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. విరిచింది. వాసన చూసింది. ముక్క నోట్లో పెట్టుకుని నమిలి, పక్కకి ఉమ్మేసింది.

"నాదా?" అంది. "ఈ రాయి నాదా?"

విరిచిన చోట వేలు గుచ్చి చూసింది.

"పులవలేదు. ఉప్పు లేదు. నడుమ పచ్చిపిండి. దీన్ని పిసికారా, తన్నారా?" గొంతు పెరుగుతోంది. ఏడు నెలలుగా బొగ్గుల గదిలో మూలిగిన గొంతు కాదది, పదకొండు ఇళ్ల పనికత్తెల్ని అదిలించిన గొంతు. "ఇది యామ్నా రొట్టె అని పేటంతా చూపించావట్రా లర్బీ? ఇది తిని నేను చేశానని జనం అనుకోవాలా? ఐదు వేళ్లేమిట్రా! నేను చిటికెనవేలు ఎప్పుడు పెట్టాను? యాభై ఏళ్లు మెక్కావే, నా గుర్తు నీకు తెలియదట్రా?"

"అమ్మా, నువ్వు ఊరుకో..."

"నేను పడలేదు!" అంది యామ్నా.

రొట్టె పక్కకి విసిరేసింది. వంకరపోయిన మణికట్టు ఎత్తి అందరికీ చూపించింది.

"నేను పడలేదమ్మా. మెట్లెక్కి ఎన్నాళ్లయింది నేను? వీడు విరిచాడు దీన్ని. టీలో పుదీనా తక్కువైందట. ఇదిగో ఈ చెయ్యే వీడికి తినిపించింది, ఈ చెయ్యే విరిచాడు. వీపు రుఖియా చూసింది. అడగండి దాన్ని."

"చూశాను" అంది రుఖియా. "చూసి నోరు మూసుకున్నాను. నా నోట్లో మన్ను పడ."

లల్లా షామా చేతిసంచి సర్దుకుంది. "హాజీ, మా అబ్బాయికి అమ్మ చెయ్యి ముద్దు పెట్టుకోవడం నేర్పాం. మీ ఇంటికీ మాకూ కుదరదు" అని వెళ్లిపోయింది. అప్పుడే హాజీ లర్బీ ఏడ్చాడు. తల్లి గదిలోంచి బయటికొచ్చినప్పుడు కాదు, సంబంధం గుమ్మం దాటినప్పుడు. గోడకి తల కొట్టుకుని మరీ ఏడ్చాడు. పైన పటారం లోన లొటారం అంటారు కదా, ఆ రోజు లోపలిదంతా నడవాలోకి వచ్చింది. ఆడవాళ్లు ఆ ఏడుపు ఏమాత్రం పట్టించుకోకుండా యామ్నాని లేవదీశారు. రుఖియా భుజమిచ్చింది. గుమ్మం దాటేటప్పుడు యామ్నా ఒకసారి వెనక్కి చూసింది, కొడుకుని కాదు, బతూల్‌ని. "నువ్వూ ఏదో ఒకరోజు రా అమ్మా" అంది.

ఇప్పుడు యామ్నా రుఖియా ఇంట్లో ఉంటోంది. డాక్టరు కాగితం రాసిచ్చాడు, పోలీసుల దగ్గర ఫిర్యాదు ఉంది, కేసు దాని నడక అది నడుస్తోంది. హాజీ లర్బీ ఇంకా మసీదులో మొదటి వరసలోనే నిలబడతాడు. పక్కన భుజం ఆనించి నిలబడేవాళ్లు కూడా ఇంకా ఉన్నారు, సిగ్గు అందరికీ ఒకేసారి రాదు. శుక్రవారం కూస్‌కూస్ పళ్లెం మాత్రం నా బట్టీ ముందు నుంచి పోనివ్వడు, వెనక సందులోంచి పంపుతాడు. వాళ్లింటి రొట్టె నేను కాల్చను. కొట్లో కొన్న రొట్టె తింటున్నారట. దాని మీద ఎవరి చేతిగుర్తూ ఉండదు కాబట్టి హాజీకి ఏ ఇబ్బందీ లేదు.

మొన్న యామ్నా పలక తనే మోసుకొచ్చింది. రుఖియా పక్కన పట్టుకుంది. గుడ్డ తీశాను. మూడు వేళ్లూ, బొటనవేలూ. బొటనవేలు కుడి పక్కన. కుడిచెయ్యి ఇక రాదని డాక్టరు చెప్పేశాడు. ఎడమచేత్తోనే పిసుకుతోంది, ఎడమచేత్తోనే నొక్కుతోంది. గుంటలు చిన్నవి, శనగగింజ పట్టేంత. చెయ్యి వశం ఏమీ తప్పలేదు.

"బాగా కుదిరింది పెద్దమ్మా" అన్నాను.

"ఒరేయ్ ఖద్దూర్" అంది, బట్టీ గట్టు మీద కూర్చుంటూ. "ఒకటి అడుగుతాను. షాబాన్‌లో నాకు చెయ్యి విరిగిన తరవాత గుర్తు బతూల్‌ని పెట్టమనొచ్చు. అయినా నేనే ఎడమచేత్తో నొక్కాను. ఎందుకంటే నువ్వు గుర్తుపడతావని. నువ్వు గుర్తుపట్టావా?"

అబద్ధం చెప్పొచ్చు. కానీ ఎదురుగా ఆ చెయ్యి ఉంది.

"పట్టాను."

"ఎప్పుడు?"

"మొదటి రోజే."

ఆవిడ ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకుని వేళ్లకంటిన పిండి చూసుకుంది. రుఖియా తల తిప్పుకుంది.

"నీకు కనబడలేదేమో అనుకున్నానురా" అంది యామ్నా. "అందుకే రోజురోజుకీ ఇంకాస్త గట్టిగా నొక్కాను."

నేను పార తీసుకుని ఆవిడ రొట్టెల్ని అందరివాటి కంటే ముందు లోపలికి తోశాను. అంతకుమించి నాకు ఏనాడూ ఏమీ చేతకాలేదు.